సర్ ఆలివర్ లాడ్జి

ఒక చెరువు నీరు పదిమంది పొలములకు పారవలెనన్న వంతులు ఏర్పడవలెను. సాగరు కుడికాలువ నీటితో పైరు పండించుకొను మన పల్నాటి రైతులకు ఈ సంగతి యొకరు చెప్పనక్కరలేదు. ఎగువవాడు తన వంతు తీరిన పిదపను తూము మూయకున్నచో దిగువవాని పొలము ఎండిపోవును. కంటికి కనబడు నీటి విషయమే యిట్లుండగా, కంటికి కనబడని యాకాశము గుండ వార్తలు పంపుకొను కోట్లకొలది జనులకు వంతులు ఎట్లు ఏర్పడినవి? ఒకరి మాట మరియొకరి మాటలో కలిసిపోకుండ ఎవరి వార్త వారికి చేరుట కుపాయము చూపిన వారిలో ముఖ్యుడు సర్ ఆలివర్ లాడ్జి. రేడియో యనగానే మన బాలబాలికలకు మార్కొనీ పేరు జ్ఞప్తికి వచ్చును. మన దేశీయుడైన జగదీశచంద్ర బోసు పేరును వచ్చును. లాడ్జి పేరు మాత్రము ఎన్నడో గాని వినబడదు. కావున ఆయన చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

లాడ్జి 1851వ సంవత్సరము జూను 12వ తేదీన ఇంగ్లండు దేశమందలి స్టాఫర్డుషైరులో, స్టోకు పట్టణము చెంతనున్న పెంఖల్ గ్రామమున జన్మించెను. ఆ సీమ పింగాణి పాత్రలకు ప్రసిద్ధి. తండ్రి ఆ పాత్రలు చేయువారికి కావలసిన మట్టి నమ్ము వర్తకుడు. పలువురు సంతానములో ఆలివరు పెద్దవాడు. ఎనిమిదేండ్ల వయసున బాలుని దూరపు బడికి పంపిరి గాని ఆ బడిలో ఆతనికి సుఖము లేకుండెను. పదునాలుగవ యేట చదువు మానిపించి తండ్రి తన వ్యాపారములో ప్రవేశపెట్టెను. పెద్దకుమారుడు తండ్రి పని చేయుట ఆ దేశమునను వాడుకయే. ఆ యువకుడు మట్టి బేరములు చూచుకొనుచు ఊరూర తిరుగుచుండియు సాయంకాలపు తరగతులలో శాస్త్రపాఠములు వినుచుండెను. ఒకమారు బంధువురాలితో లండనునకు పోయినప్పుడు టిండలు పండితుని ఉపన్యాసములు విను భాగ్యము గలిగెను. నాటితో ఆతని మనస్సు భౌతికశాస్త్రమునకు అంకితమయ్యెను. ఇరువదిరెండేండ్ల ప్రాయము వచ్చుదాక వ్యాపారమును, చదువును రెండింటిని మోసి, తుదకు వ్యాపారమును విడిచి లండనులో విద్య పూర్తిచేసికొనెను. 1877లో డాక్టరు పట్టమును పొంది, ఆ సంవత్సరమే వివాహమాడెను. ఆ దంపతులకు పన్నెండుగురు బిడ్డలు కలిగిరి. 1881లో లివర్పూలు నగరమున నూతనముగా స్థాపింపబడిన కళాశాలలో ఆయన భౌతికశాస్త్రాచార్యుడయ్యెను.

ఆచార్యపదవిలో నుండగా 1888లో పిడుగులనుండి భవనములను కాపాడు లోహపు కడ్డీలను గూర్చి ఉపన్యసింపవలసి వచ్చెను. పిడుగు చిన్నరూపమున ఎట్లుండునో చూపుటకై ఆయన లైడెను జాడీలను గైకొనెను. గాజుజాడీకి లోపలను వెలుపలను తగరపు రేకు అంటించినచో అది విద్యుత్తును నిలువచేయును. దాని రెండు రేకులను దగ్గరకు తెచ్చినచో చిటుక్కుమని నిప్పురవ్వ రాలును. ఆ రవ్వ ఒక్కమారు పారి ఆగిపోవునది కాదనియు, ఊయెలవలె ఇటునటు అనేక పర్యాయములు ఊగుననియు, ఆ యూపువలన తీగలవెంబడి విద్యుత్తరంగములు పరువిడుననియు లాడ్జి పరీక్షించి కనుగొనెను. ఈ ఫలితములను పండితసభకు విన్నవింప సిద్ధపడుచున్న సమయముననే జర్మనీ దేశస్థుడగు హెర్ట్జి తీగలు లేకయే అట్టి తరంగములను బయటి యాకాశమున పుట్టించి పట్టుకొన్నట్లు వ్రాసిన వ్యాసము ఆయన కంటబడెను. ఒక్క అడుగులో ప్రథమస్థానము తప్పిపోయినది. లాడ్జి అసూయపడలేదు. హెర్ట్జి కీర్తిని తానే తన దేశమున చాటెను.

ఆ జాడీలతోనే లాడ్జి మరియొక వింత చేసి చూపెను. ఒక గదిలో రెండు తంబురాలను ఒక్క శ్రుతికి చేర్చి యుంచి, ఒకదాని తీగను మీటినచో తాకకయే రెండవదాని తీగయు మ్రోగును. శ్రుతి కొంచెము తప్పినచో రెండవది మౌనముగా నుండును. రెండు జాడీలకు తీగచుట్టు గట్టి, వాటి కొలతలు సరిగా కుదిర్చినచో విద్యుత్తు విషయమునను ఇట్లే జరుగునని ఆయన 1890 ప్రాంతమున చూపెను. ఒక జాడీలో రవ్వ రాలగానే దూరముననున్న రెండవ జాడీ పొంగి రవ్వ రాల్చును. తీగ పొడవు కొంచెము మార్చినచో ఊరకుండును. నేటి రేడియో విద్యయంతయు ఈ శ్రుతిమేళనము మీదనే నిలిచియున్నది.

1894 జనవరి 1వ తేదీన హెర్ట్జి ముప్పదియారేండ్లకే మరణించెను. ఆయన జ్ఞాపకార్థము జూను 1వ తేదీన లాడ్జి లండనులో ఉపన్యసించి, పారిసువాసియగు బ్రాన్లీ కనిపెట్టిన ఇనుపరజను గొట్టమును బాగుచేసి ప్రదర్శించెను. తరంగము తగిలినచో గొట్టములోని రజను అంటుకొని విద్యుత్తునకు దారి యిచ్చును. మెల్లగా తట్టినచో మరల విడిపోవును. ఆ సంవత్సరము ఆగస్టు 14వ తేదీన ఆక్సుఫర్డులో జరిగిన బ్రిటిషు అసోసియేషను సభలో, వేరొక భవనమునుండి గోడలను దాటివచ్చిన సంకేతములను సుమారు 60 గజముల దూరమున అందుకొని చూపెను. లాడ్జి ఉపన్యాసము అచ్చుపడి ప్రపంచమంతట వ్యాపించెను. కలకత్తాలో జగదీశచంద్ర బోసు దానిని చదివియే ఈ తరంగముల పరిశోధనకు పూనుకొని, కొలది మిల్లీమీటర్ల పొడవు మాత్రమే గల తరంగములను పుట్టించెను. 1896 సెప్టెంబరులో లివర్పూలు సభలో తన యంత్రములను ఆంగ్లపండితులకు ప్రదర్శించెను.

ఆక్సుఫర్డు సభ ముగియగానే లాడ్జి తిరిగి తన తరగతులకు పోయెను. వెలుతురునకును ఈ తరంగములకును గల సంబంధమే ఆయనకు ముఖ్యము. వాటితో వార్తలు పంపి ధనమార్జింపవచ్చునను తలంపు ఆయనకు వెంటనే రాలేదు. ఆ తలంపు వచ్చినది మార్కొనీ యను ఇటలీ యువకునకు. అతడు 1896 జూను 2వ తేదీన పేటెంటునకు దరఖాస్తు పెట్టుకొని, దూరమును దినదినము పెంచుచు పోయెను. మార్కొనీ పట్టుదల మెచ్చదగినదే. కాని ఆతని తొలి యంత్రములలో ఒక పెద్దలోప ముండెను. నిప్పురవ్వ పుట్టించిన తరంగములు ఏ యొక్క శ్రుతికిని లోబడక, నడివీధిలో డప్పు కొట్టినట్లు నలుదెసల వ్యాపించుచుండెను. ఇద్దరు ఒక్కసారి వార్త పంపినచో ఎవరిదియు ఎవరికిని తెలియదు.

ఈ లోపమునకు మందు లాడ్జి యొద్ద నుండెను. ఆయన 1897 మే 10వ తేదీన శ్రుతిమేళన విధానమునకు పేటెంటు కోరెను. పంపువాని తీగలోను అందుకొనువాని తీగలోను చుట్టలు చేర్చి, ఆ చుట్టలను పెంచుచు తగ్గించుచు రెండింటిని ఒక్క శ్రుతికి తెచ్చుటయే అందలి కీలకము. ఇందులో నొక చిక్కు గలదు. ఊపును చాలసేపు నిలుపుకొనగల యంత్రము శ్రుతి చక్కగా పట్టును గాని తరంగములను బయటికి అంతగా విడువదు. తరంగములను ధారాళముగా విడుచు యంత్రము రెండు మూడూపులకే అలసిపోవును గనుక శ్రుతి నిలువదు. ఈ రెండింటికిని నడుమ సంధి కుదుర్చుట యెట్లో లాడ్జి చూపెను.

మరుసటి సంవత్సరము, అనగా 1898లో, ఆయన వేరొక మార్గమును గూర్చి ఇంజనీరుల సంఘములో వ్యాసము చదివెను. ఈ మార్గములో తరంగములతో పనిలేదు. ఒక తీగచుట్టలో విద్యుత్తు ఇటునటు పారినచో చుట్టు అయస్కాంత ప్రభావము కలుగును. సమీపమున మరియొక చుట్ట యుండెనా, దానిలోను విద్యుత్తు పుట్టును. దీనికి ప్రేరణమని పేరు. తపాలా శాఖాధికారియగు ప్రీసు 1892లో ఈ రీతిని బ్రిస్టలు సముద్రశాఖలోని ఫ్లాటుహోము దీవికి మూడు మైళ్లకు పైగా వార్త పంపియుండెను. లాడ్జి ఆ చుట్టలకును విద్యుత్తు నిలువచేయు సాధనములు చేర్చి, రెండు వైపుల శ్రుతి కలుపగా, మునుపటికన్న స్వల్పశక్తితో వార్త అందుట సాధ్యమయ్యెను. కాని ఆ కాలమున అందరును దూరమునే కోరుచుండిరి. తరంగముల బలము దూరము రెట్టింపైనచో సగమునకు తగ్గును. చుట్ట చుట్టునుండు అయస్కాంత ప్రభావమో, దూరము రెట్టింపైనచో ఎనిమిదవ వంతగును. పదింతలైనచో వేయవ వంతునకు పడిపోవును. సముద్రములు దాటగోరు వారికిది పనికిరాని మార్గముగా తోచెను. కావున ప్రేరణపు తంతి మరుగునపడెను.

లాడ్జి తన మిత్రుడైన అలెగ్జాండరు మ్యూర్‌హెడ్డుతో కలిసి ఒక సంస్థ పెట్టి యంత్రములు చేయించెను. ఆ యంత్రములలో కొన్ని మన సముద్రమునకును వచ్చినవి. 1905 నాటికి బర్మా తీరమందలి డైమండు దీవికిని, అండమానులోని పోర్టుబ్లెయరునకును నడుమ సుమారు 300 మైళ్ల మేర లాడ్జి-మ్యూర్‌హెడ్డు పద్ధతిని తీగలేని తంతి నడచెను. ఆ కాలమున కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి వేలకొలది తెలుగువారు కూలిపనులకై రంగూనునకు ఓడలెక్కుచుండిరి. వారు దాటిన బంగాళాఖాతము మీదుగనే ఈ కనబడని వార్తలు పోవుచుండెను.

ఈలోపల లాడ్జికి ఇతర బాధ్యతలు పెరిగెను. 1900లో బర్మింగుహాము విశ్వవిద్యాలయమునకు ప్రథమాధ్యక్షుడై 1919 వరకు దానిని నడిపెను. 1902లో ఆయనకు సర్ బిరుద మిచ్చిరి. తీగలేని తంతి వ్యాపారములో మాత్రము మార్కొనీ సంస్థయే ముందుండెను. మార్కొనీ 1900లో శ్రుతి విషయమున తానొక పేటెంటు తీసికొనెను. లాడ్జి పేటెంటు గడువు ముగియవచ్చినప్పుడు 1911లో న్యాయస్థానము దాని విలువను గుర్తించి మరి ఏడు సంవత్సరములు పొడిగించెను. అప్పుడు మార్కొనీ సంస్థ ఆ పేటెంటును కొనక తప్పలేదు. ఆయన మరణానంతరము 1943లో అమెరికా దేశపు అత్యున్నత న్యాయస్థానము లాడ్జి మొదలైనవారి పూర్వకృషిని విచారించి, ఆ దేశమున మార్కొనీకి గల శ్రుతిపేటెంటులోని ముఖ్యాంశములు చెల్లవని తీర్పు చెప్పెను. పదునాలుగవ యేట బడి మానిన మట్టివర్తకుని కుమారునకు న్యాయము ఇట్లు ఆలస్యముగనైనను జరిగెను.

యంత్రములకు శ్రుతి యేర్పడినంత మాత్రమున చాలదు. మనుష్యులకును కట్టుబాటు కావలెనని లోకము కష్టపడి నేర్చుకొనెను. 1906లో బెర్లిను నగరమున దేశములన్నియు చేరి, ఓడలు పంపు ప్రజావార్తలకు 300, 600 మీటర్ల తరంగములు వాడవలెనని నిర్ణయించెను. అయినను 1912 ఏప్రిలు 14వ తేదీ రాత్రి ఏమి జరిగినదో చూడుడు. టైటానికు ఓడలోని తంతి ఉద్యోగి ప్రయాణికుల వార్తలను దూరపు కేప్‌రేసు కేంద్రమునకు పంపుచుండగా, సమీపముననున్న కాలిఫోర్నియను ఓడవాడు మంచుగడ్డల విషయము తెలుపబోయెను. దగ్గరివాని సంకేతము మిక్కిలి బిగ్గరగా వచ్చి దూరపు సన్నని సంకేతమును ముంచివేయుటచే టైటానికు ఉద్యోగి విసిగి అతనిని ఊరకుండుమనెను. అతడు కొంతసేపటికి యంత్రము కట్టి నిద్రపోయెను. అర్ధరాత్రి కాకమునుపే టైటానికు మంచుకొండకు తగిలెను. సహాయము కోరిన కేకలు కాలిఫోర్నియనులో వినువారు లేరు. సుమారు 1,500 మంది ప్రాణములు సముద్రము పాలయ్యెను. బలమైన గొంతు దగ్గర నుండుటయే ఆ రాత్రి ఆటంకమయ్యెనని గమనింపవలెను. పిమ్మట లండనులో చేరిన మహాసభ నియమములను బిగించెను. 1927లో వాషింగ్టను మహాసభ ఏ పనికి ఏ తరంగములో తెలుపు పట్టికను తయారుచేసెను. మన దేశమున 1933లో తీగలేని తంతి చట్టము వచ్చెను. 1952లో తరంగములను పంచియిచ్చు ప్రత్యేకశాఖ ఏర్పడెను. 2023లో నూతన టెలికమ్యూనికేషను చట్టము చేయబడెను.

లాడ్జి వృద్ధాప్యమున దుఃఖమొకటి గలదు. ఆయన కుమారుడు రేమండు 1915 సెప్టెంబరులో బెల్జియము యుద్ధభూమిలో మరణించెను. మృతులతో మాటలాడవచ్చునని లాడ్జి అంతకుముందే నమ్మియుండెను. కుమారుని పేర 1916లో ఒక గ్రంథము ప్రకటించెను. తోడి శాస్త్రజ్ఞులలో పెక్కురును, క్రైస్తవసంఘములోని పెద్దలనేకులును దానిని అంగీకరింపలేదు. ప్రయోగశాలలో అంతటి జాగ్రత్త చూపిన బుద్ధి ఈ విషయమున సులభముగా నమ్మెనని వారి అభిప్రాయము. బిడ్డను పోగొట్టుకొన్న తండ్రి వేదన తెలిసినవారు ఆయనను కఠినముగా విమర్శింపజాలరు. కాని విజ్ఞానమునందు ఆయన చెప్పినదానిని ప్రయోగముచేతను, ఇతరమును దానికి తగిన ప్రమాణముచేతను తూచి చూడవలెను. ఆయన 1940 ఆగస్టు 22వ తేదీన, 89వ యేట, సాలిస్బరీ సమీపమున పరమపదించెను.

లాడ్జి చనిపోయి ఎనుబదియేండ్లు దాటినది. మరుగునపడిన ఆ ప్రేరణపు తంతి ఇప్పుడు మన చేతిలోనికే వచ్చినది. హైదరాబాదు మెట్రో రైలు ద్వారమునొద్ద ప్రయాణికుడు కార్డును చూపగానే గేటు తెరచుకొనును. అంగడిలో బ్యాంకు కార్డును యంత్రమునకు తాకించినంతనే సొమ్ము చెల్లును. దీనిని సమీపక్షేత్ర పద్ధతి యందురు. యంత్రములోని తీగచుట్ట సెకనునకు ఒక కోటి 35 లక్షల 60 వేల మార్లు ఊగు అయస్కాంత ప్రభావమును పుట్టించును. కార్డులోను సన్నని తీగచుట్ట యొకటి అదే శ్రుతికి కుదిరి యుండును. కార్డునకు బ్యాటరీ లేదు. ఎదుటి యంత్రపు ప్రభావమునుండియే బలము గైకొని, ఆ బలమును లాగు తీరు మార్చుచు బదులు చెప్పును. ఆ శ్రుతికి తరంగము పొడవు 22 మీటర్లు. మాటలాడు దూరమో నాలుగైదు సెంటీమీటర్లు. ప్రీసు కాలమున లోపమనిపించిన గుణమే, అనగా దూరముతో బలము త్వరగా పడిపోవుటయే, ఇప్పుడు రక్షణ యయ్యెను. నరసరావుపేట బజారులో నూరు అంగళ్లలో నూరు యంత్రములు ఏకకాలమున ఒక్క శ్రుతిని పలికినను ఒకదాని మాట ప్రక్క అంగడికి పోదు. ఒక్క వంతు నీటితోనే ఎన్నియో మళ్లు తడిసినట్లు, ఒక్క శ్రుతి లోకమంతటికి సరిపోవుచున్నది.

ఈ శ్రుతియు ఎవరో ఇష్టము వచ్చినట్లు పట్టుకొన్నది కాదు. 1947లో అమెరికాలోని అట్లాంటికు సిటీలో జరిగిన అంతర్జాతీయ మహాసభ పరిశ్రమలకును, వైద్యమునకును, శాస్త్రమునకును విడిచిన శ్రుతులలో నిది యొకటి. దానికి రెండింతలును మూడింతలును అయిన శ్రుతులను గూడ ఆ పనులకే కేటాయించిరి. ఎందుకనగా ఏ యంత్రమైనను తన స్వరముతోపాటు దాని రెట్టింపు స్వరములను గూడ కొంచెము చిందించును. ఆ చిందినది ఇతరుల పొలములో పడకుండ చూచిరి. కేటాయించిన గట్టు మిక్కిలి సన్నము. గట్టు వెలుపలికి పొంగు బలము మితముగా నుండవలెనని నియమము. ఒక యంత్రము నెదుట రెండు కార్డులు కలిసి వచ్చినచో రెండును ఒక్కసారి పలికి గందరగోళము చేయకుండ, యంత్రము వాటి సంఖ్యలను అంకె వెంబడి అంకెగా అడిగి, ఒకదానిని ఆగుమని రెండవదానితో మాటలాడును. వంతు నిచ్చుట యంత్రములు గూడ నేర్చుకొన్నవి.

విద్యార్థులారా! లాడ్జి జీవితమునుండి మనము గ్రహింపదగినవి ముఖ్యముగా రెండు గలవు. మొదటిది, ప్రథమస్థానము తప్పిపోయినను ఆయన పని మానలేదు. ఎదుటివాని గొప్పను ఒప్పుకొనుట మానలేదు. రెండవది ఆయన విద్యయే మనకు చెప్పుచున్నది. అందరికిని చెందిన చోట ఎవరి స్వరమును వారు నిలుపుకొనవలెను. అవసరమునకు మించి గొంతు పెంచరాదు. చేయిజాపు దూరమున నున్నవానితో ఊరంతయు వినునట్లు అరచువాడు తన పని చెరుపుకొనుటయే గాక ఇతరుల పని చెరుపును. పక్కవాని వంతు నిలిపినప్పుడే మన వంతు నిలుచును. కాలువ గట్టున మన పెద్దలు పాటించు ఈ ధర్మమునే కంటికి కనబడని యాకాశమునను పాటింపవలసి వచ్చినదని తెలిసినచో, ఆ తీగచుట్టలలో దాగియున్న విద్య మనకు పరాయిదిగా తోచదు.